లూపుల పుస్తకం

“ఇది కూడా కాదమ్మా. ఇంకా తేలికైనది కావాలి,” అంటూ దర్జీ మూడో పుస్తకాన్ని కూడా తెచ్చి బల్ల మీద పెట్టేశాడు.

లైబ్రేరియన్‌కి ఒళ్ళు మండింది. లైబ్రరీ మూసేందుకు ఇంకో పావుగంటే ఉంది. పొద్దున్నుంచి నిచ్చెన ఎక్కీ దిగీ మోకాళ్ళు పట్టేశాయి. పైగా నాలుగు రోజులుగా ఈ పెద్దాయనతో ఇదే వరస. పుస్తకం పట్టుకెళ్ళడం, మర్నాడు వెనక్కి తేవడం. మొదటి రోజు ఆయన “లూపుల గురించి పుస్తకం” అనగానే, మెడలో వేలాడుతున్న టేపు చూసి, బెల్టు లూపులు కాబోలనుకుని కుట్టుపని పుస్తకాలు ముందు పడేసింది ఆవిడ. ఆయనేమీ నొచ్చుకోకుండా జేబులోంచి చీటీ తీసి ఇచ్చాడు. ‘లూప్ క్వాంటమ్ గ్రావిటీ’ అని వంకరటింకర అక్షరాలతో రాసుంది. ఇవాళ ఇక ఉండబట్టలేక అడిగేసింది.

“బాబాయ్ గారూ, ఈ ఫిజిక్సు పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళకే కొరుకుడు పడదు. మీకెందుకండీ ఈ తలనొప్పి?”

“నాక్కాదమ్మా, మా ఆవిడకి. జబ్బు చేసి లేచాక, మళ్ళీ మొదటి నుంచీ నేర్చుకుంటానని పట్టుబట్టింది. నేను చదివి వినిపిస్తున్నాను. రెండు పేజీలు దాటేసరికి అర్థం కావట్లేదని ఒకటే ఏడుపు. నిన్నటి నుంచి తిండి కూడా ముట్టలేదు. ఇవాళ ఉత్త చేతులతో ఇంటికి వెళ్ళలేనమ్మా.”

ఈ వయసులో ఆ మహాతల్లికి ఇదేం సరదా అనుకుంది లైబ్రేరియన్. హాయిగా టీవీ చూసుకోవచ్చుగా! కానీ ఆయన మొహం చూస్తే పొమ్మనడానికి నోరు రాలేదు. ఉసూరుమంటూ మళ్ళీ నిచ్చెనెక్కింది.

పిల్లల పుస్తకాల వెనక, ఎవరూ ముట్టుకోని బొమ్మల పుస్తకం ఒకటి దొరికింది. దుమ్ము దులిపి మొదటి పేజీ పైకి చదివింది.

“మన చుట్టూ ఉన్న ఖాళీ నిజంగా ఖాళీ కాదు. కంటికి కనిపించనంత చిన్న లూపులతో అల్లిన బట్టలాంటిది కావచ్చునని కొందరు శాస్త్రవేత్తల ఊహ.”

దర్జీ మొహం విప్పారింది. “బట్టా! అలా చెబితే నాకే అర్థమైపోయిందే! ఇది రాసివ్వమ్మా.”

అమ్మయ్య అనుకుంది లైబ్రేరియన్. రిజిస్టర్లో రాసి పుస్తకం చేతిలో పెట్టాక, ఆ తేలికపడ్డ మనసుతోనే వెనక అరలోంచి ఇటుకంత లావున్న పుస్తకం ఒకటి లాగి చూపించింది.

“అది వంటబట్టాక దీని పని పట్టమనండి. ఈ సబ్జెక్టులో దీన్ని మించింది లేదట. తీసుకెళ్ళినవాళ్ళెవరూ పదో పేజీ దాటిన పాపాన పోలేదు!”

దర్జీ అట్ట మీద రాసినవాళ్ళ పేరుని వేలితో తడిమాడు.

“అది మా ఇంట్లో ఉందమ్మా. పొద్దున దాన్నే నాచేత చదివించుకుని, రాసినవాళ్ళని తిట్టిపోసింది. కొత్తగా నేర్చుకునేవాళ్ళ మీద కాస్తయినా జాలి ఉండక్కర్లేదా అని.”

“నిజమే కదా పాపం! మరి మీరేమన్నారు?”

“నువ్వు రాసిందేనే అన్నాను. వేళాకోళం ఆడకండి అంది.”