తారు పూసిన గోడ

రంగనాథన్ గేటు పక్క గోడకు సగం తారు పూసేసరికి చారులత బయటికొచ్చి ఆయన చేతిలోని బ్రష్షు పట్టుకుంది. ఇద్దరూ అరుచుకుంటుంటే కానిస్టేబుల్ సెంతిల్ బండి ఆపి, ఏం గొడవని తమిళంలో అడిగాడు.

“అసింగమైన బూతు బొమ్మలు సార్,” అన్నాడు రంగనాథన్. ఆయన ఆ వీధి తెలుగు సంఘానికి అధ్యక్షుడు. “ఆడవాళ్లు నడిచే వీధిలో గుండ్రాలు గుండ్రాలుగా ఏమేమో గీసుండాది. మా తెలుగువాళ్ల మనసు నొచ్చింది.”

“నా ఇంటి గోడ, నేనే రాస్తిని,” అంది చారులత. “బొమ్మలు కావన్నా, అక్షరాలు. మన తెలుగే. ఫోన్లో నేర్చుకుంటిని.”

“తెలుగుకు అక్షరాలుండాయా?”

“కోయంబత్తూరులో తిరుపతి బస్సు మీద చూడలేదా?”

“బస్సు మీద నేను నంబరే చూస్తాను.” ఆయన కాస్త ఆలోచించాడు. “తెలుగైతే మరీ తప్పు. మన ఇండ్లలో తిట్టేదంతా తెలుగులోనే కదా.”

సెంతిల్ ఇద్దరినీ చూశాడు. “ఇప్పుడు మీరు పోట్లాడేది ఏ భాషలో?”

“తెలుగులో,” అన్నారిద్దరూ.

సెంతిల్ బండెక్కి వెళ్లిపోయాడు.

“ఏం రాసినావు?” అడిగాడు రంగనాథన్.

“సగం తారైపోయె. ఇంకేం చెప్పేది?”

ఆయన తారు డబ్బా అందుకున్నాడు. ఎంత కోపమున్నా గడప దగ్గరికొచ్చిన మనిషిని ఒక మాటైనా అనకుండా పంపడం చారులతకు చేతకాదు.

“పోయి రాండన్నా,” అంది.

నాలుగడుగులు వేసి ఆయన ఆగాడు. వెనక్కి తిరిగి గోడను చూశాడు.

“గోడ మీద రాసుండేది ఇప్పుడు నువ్వన్న మాటేనా?”

“అదే.”

రంగనాథన్ డబ్బా కింద పెట్టాడు.

“తారు తుడిచేదానికి కిరసనాయిలు ఉండాదామ్మా?”