నోటిమాట మీద బొమ్మ

“మొగుడి పేరు?” అడిగాడు ఇన్‌స్పెక్టర్.

శ్రీశైలమ్మ కొంగు తలమీదికి లాక్కుని ఆడబిడ్డ వైపు చూసింది.

“కాటమరాజు,” అంది నాగేంద్రమ్మ, గడపలో కూర్చునే. “మా తమ్ముడు. పిల్లోడు చంకలో ఉండంగనే పోయినాడు.”

“ఆ పిల్లోడి పేరు?”

“మాల్యాద్రి.” ఈసారి శ్రీశైలమ్మే చెప్పింది.

మాల్యాద్రి కోసమే ఇంతమందీ వచ్చారు. వానల్లేని ఆ ఏడు అతను గొర్రెలను రిజర్వు అడవిలోకి తోలాడు. అడ్డం వచ్చిన గార్డు చెయ్యి విరగ్గొట్టి, ఆ అడవిలోకే పారిపోయాడు. మనిషి ఎలా ఉంటాడని ఊళ్లో ఎవరినడిగినా ఒకటే మాట. “యాడ చూస్తాం సార్, ఎప్పుడూ గొర్ల ఎంబడే.” ఇన్‌స్పెక్టర్ ఈ తాలూకాకు కొత్త. అందుకని మార్కాపురం నుంచి బ్రహ్మాన్ని బండెక్కించి తెచ్చాడు.

బ్రహ్మం మద్రాసు అచ్చాఫీసులకు బడిపుస్తకాల బొమ్మలు వేస్తాడు. ఆవు, బావి, పలక పట్టుకున్న పిల్ల. ఏ బొమ్మ కిందా అతని పేరుండదు. చుట్టుపక్కల ఊళ్లకు మాత్రం అతను చనిపోయినవాళ్ల బొమ్మలు వేసే మనిషి. ఇంట్లోవాళ్లు చెబుతుంటే విని వేస్తాడు. బతికున్నవాడిని నోటిమాట మీద వేయమనడం ఇదే మొదలు.

తన వల్ల కాదని దారిలోనే చెప్పి చూశాడు.

“బడిపుస్తకాలు సర్కారువే కదయ్యా,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “నేనొక మాట రాస్తే, వాళ్లకు ఇంకో బొమ్మలాయన దొరకడా?”

బ్రహ్మం పెన్సిళ్ల సంచి ఒళ్లోకి లాక్కున్నాడు.

శ్రీశైలమ్మతోనూ ఇన్‌స్పెక్టర్ ఎక్కువ మాట్లాడలేదు. “గొర్రెలు బందెలదొడ్డిలో ఉన్నాయి. బొమ్మ కుదిరితే వదులుతా.”

దొడ్డిలో నీళ్లు లేవు. అరుపులు ఇక్కడికి వినిపిస్తున్నాయి.

బ్రహ్మం చెక్కమీద కాగితం బిగించాడు. కళ్లెలా ఉంటాయని మొదటే అడిగితే ఎవరైనా ‘మనిషికి ఉన్నట్టే’ అంటారు. అందుకే అతను అలా అడగడు.

“కోపమొస్తే ఏం చేస్తాడమ్మా?”

“కింది పెదివి కొరుక్కుంటాడు. మాట్లాడడు.”

“నవ్వితే?”

“ఎడమకన్ను చిన్నదైతది.”

“ఇంట్లో ఎవరి పోలిక?”

“ఎవురి పోలికా లేదు.”

ఆమె గుంజ వైపు చూస్తూ చెబుతోంది. కాగితం మీద ముఖం దానంతటదే తేలుతోంది. పాతికేళ్ల పడుచువాడు. పెన్సిలు ఆపాలని ఉంది, కానీ వేలు ఆగడం లేదు. ఇన్‌స్పెక్టర్ చుట్ట ముట్టించుకోను అటు తిరిగాడు. ఆ క్షణంలో బ్రహ్మం ముక్కును చప్పిడిగా దిద్దేశాడు. అతని చేతిలో ఉన్నది అదొక్కటే.

“ముక్కు ఇట్ల కాదన్నా,” అంది శ్రీశైలమ్మ.

“ఉండనీలేమ్మా,” అన్నాడు గొంతు తగ్గించి.

“వద్దు. కొన దేలి ఉంటది. సరిగ్గ ఎయ్యి.”

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె చూపు కాగితం మీదే ఉంది.

“కుడిచెవి కింద పుట్టుమచ్చ మరిసినావే?”

“నువ్వు చెప్పలేదు గదా.”

“ఇప్పుడు చెప్తున్నా గదా.”

“తల్లంటే ఇలా ఉండాలి,” నవ్వాడు ఇన్‌స్పెక్టర్. “ఏమయ్యా, నీకన్నా ఈమే నయం.”

గొర్రెల కోసం కొడుకును ఇచ్చేస్తోంది అనుకున్నాడు బ్రహ్మం. తిట్టుకోబోయి ఆగాడు. నాలుగు పుస్తకాల కోసం తను ఇస్తున్నదీ ఆ కొడుకునే. ముక్కును చెరిపి, ఆమె చెప్పినట్టే వేశాడు.

మునసబు వెంకటసుబ్బయ్యను పిలిపించి బొమ్మ చూపించారు. ఆయన చాలాసేపు చూశాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

“మనిషి లేచొచ్చినట్టుంది సార్.”

ఇన్‌స్పెక్టరుకు అది చాలు. దొనకొండ నుంచి గిద్దలూరు దాకా ప్రతి స్టేషన్లో అంటిస్తానంటూ కాగితం చుట్టుకున్నాడు. గొర్రెలను వదలమని కబురు పంపి బండి దగ్గరికి నడిచాడు. మునసబు వెంట వెళ్లాడు.

బ్రహ్మం పెన్సిళ్లు సర్దుకుంటున్నాడు.

“అన్నా, నాకొకటి ఎయ్యవా?”

అతను తలెత్తలేదు. కొత్త కాగితం బిగించాడు. రెండో బొమ్మకు ఏమీ అడగనక్కర్లేకపోయింది. అయ్యాక ఆమె అరచేతులు చీరకు తుడుచుకుని, కాగితాన్ని అంచులు పట్టి అందుకుంది. ఏడవలేదు. అదే అతను భరించలేకపోయాడు.

“నా చేత్తోనే పట్టిచ్చినట్టయిందమ్మా.”

“నువ్వేం చేస్తావులే అన్నా.”

ఆమె కాగితాన్ని తిరిగి అతని ముందు పెట్టింది. “కింద పేరు రాస్తావంట గదా.”

చనిపోయినవాళ్లకు రాస్తాడు. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. పెన్సిలు తీసుకుని, అలవాటుకొద్దీ, “పేరు?” అన్నాడు. పొద్దున విన్న పేరే కదా, మళ్లీ ఎందుకడిగానా అని నాలుక కరుచుకున్నాడు.

శ్రీశైలమ్మ కొంగు తలమీదికి లాక్కుని ఆడబిడ్డ వైపు చూసింది.

“కాటమరాజు,” అంది నాగేంద్రమ్మ.