వేరుకీ ముక్కుంటుంది

“వంట చేస్తున్నావా, పంట వేస్తున్నావా?” తొట్టిలో చెయ్యి ముంచి అన్నాడు ఇయోతెబా తాత. “ఈ నీళ్ళలో చేపయినా ఉడుకుతుంది.”

మనవరాలు బోతికా పళ్ళు నూరింది. కిందటేడు సముద్రం ఊళ్ళోకొచ్చి బబాయి అనే పెద్ద చేమదుంప పెంచే గుంటలన్నిటినీ ఉప్పుపాలు చేసింది. అప్పటినుంచి మట్టి లేకుండా నీళ్ళలో పెంచే ఈ క్యాబేజీ మీదే ఆమె ఆశంతా. దాని వేర్లూ చీకిపోతున్నాయి.

అసలు మంట వేరే ఉంది. గుంట అడుగున ఊరే మంచినీళ్ళలో బబాయిని నిలబెట్టి మనిషెత్తు పెంచే కిటుకు తాతకొక్కడికే తెలుసు. ఏ ఇంటి కిటుకు ఆ ఇంటిది. మూడో కంటికి తెలియకుండా ఒక్కరికే చెప్పాలి. ఆ ఒక్కరూ పట్నంలో, తరావాలో ఉన్న మనవడు కైతారాయేనని ఊరంతా అనుకుంటోంది.

“నాకు చెప్పొచ్చుగా తాతా.”

“చెప్తే నీకు ఒంటబడుతుందా?”

పంతంకొద్దీ ఆమె తొట్టిని ఇసుకలో పాతి, పైన కొబ్బరాకు తడిక వేసింది. నీళ్ళు చల్లబడ్డాయి.

మర్నాడు తాత మళ్ళీ దిగబడ్డాడు. కళ్ళు ఆనవు, చేత్తోనే చూస్తాడు. “పీకల్దాకా ముంచావేమే? వేరుకి ముక్కుండదనుకున్నావా?”

ఆమె నీళ్ళు తగ్గించి పైవేర్లను గాలికి వదిలింది.

“పాచి కంపు. సందుల్లోంచి ఎండ పడుతోంది. వేరుకి సిగ్గెక్కువ, మూత సరిగ్గా పెట్టుకో.” ఇంకోరోజు నీళ్ళు నాలిక్కి రాసుకుని, “పసిగుడ్డుకి పెళ్ళిభోజనం పెడతావా?” అన్నాడు. ఆమె ఎరువుపొడి సగానికి తగ్గించింది. పక్కింటివాళ్ళు కిసుక్కున నవ్వారు.

“నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది తాతా.”

“మన ఊరు ఎలాగూ మునిగిపోతోందిగా.”

కైతారా పడవ దిగిన పొద్దున ఆమె మూతెత్తి అలాగే నిలబడిపోయింది. తెల్లటి వేర్లు, తలంటుకున్న జుట్టులా గుబురుగా, తొట్టి అడుగుదాకా. గాలికి వదిలినచోట సన్నటి నూగు. కొసలు నీళ్ళలో మెల్లగా ఊగుతున్నాయి. మట్టే ఎరగని మొక్క ఇంత ప్రాణం ఎక్కణ్ణించి తెచ్చుకుందో ఆమెకు అర్థం కాలేదు. ఏడుపొచ్చింది. పిలిచి చూపిస్తే తాత చర్చిలో ఉన్నట్టు తల వంచి, వేర్లను ఒక్కొక్కటిగా తడిమాడు. ఆమె తిట్టు కోసం ఎదురుచూసింది, రాలేదు.

ఈలోగా కైతారా వచ్చి తాత పక్కన చతికిలబడ్డాడు. “బబాయి కిటుకు కోసమే వచ్చాను తాతా. ఇంక ఆలస్యం చెయ్యకు.”

“ఆలస్యం అయిపోయిందిరా. మీ చెల్లికి చెప్పేశాను.”

బోతికా తెల్లబోయింది. “నాకా? ఒక్క ముక్క చెప్పలేదు. ఎప్పుడు చెప్పావు?”

తాత వెలుతురు దూరకుండా మూత జాగ్రత్తగా సర్దాడు.

“తిట్టినప్పుడల్లా.”