తోక తాత

"తాతా, నీది ఏ ఇల్లు?"

బిందెల వరస మొత్తం వెనక్కి తిరిగి చూసింది.

చివర నిలబడ్డ ముసలాయన తన ప్లాస్టిక్ డబ్బాను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"ఇక్కడేనమ్మా, దగ్గర్లోనే."

"దగ్గర్లో అంటే?"

"ఆ మూల తిరిగితే."

అడిగింది మిషనక్క. కుట్టుమిషను మీద బతికే మనిషి. నోరు గట్టిదే కానీ న్యాయం తప్పదని పేరు. అందుకే వీధివాళ్ళు వరస బాధ్యత ఆవిడకే అప్పగించారు.

వానలు మొహం చాటేసి ఇది రెండో ఏడు. కుళాయిలు గాలి తప్ప నీళ్ళు వదలడం మానేశాయి. మిగిలింది ఒక్క బావి. అదీ ఎత్తైన ప్రహరీ వెనక, ఒక పెద్దింటి పెరట్లో. ఆ ఇంటి ముందు గుమ్మం అవతలి రోడ్డు మీదకి ఉంటుంది. యజమాని ముఖం ఈ వీధిలో ఎవరూ ఎరగరు. ఎండలు ముదరగానే ఆయన పెరటి గేటు తీయించాడు. పొద్దున్నే మోటారు వేస్తామని, ఇంటికో బిందె పట్టుకోమని వాచ్‌మన్‌తో కబురు చెప్పించాడు.

మొదట్లో అందరూ ఆయన కడుపు చల్లగా ఉండాలన్నారు. బావి అడుగంటుతున్నకొద్దీ మాట మారింది.

"మనకి పోసేది మిగులే. లోపల ట్యాంకు పొంగిపోతుంటుంది" అనేవాడు ఇస్త్రీ బండి ఆయన.

"రోజుకి రెండు స్నానాలు చేస్తాడేమో!"

"వీపు రుద్దడానికి మనిషి కూడా ఉండే ఉంటాడు" అని ముసలాయనా ఒక మాట కలిపేవాడు. వరస అంతా నవ్వేది.

ఎప్పుడు చూసినా చివరే నిలబడతాడని ఆయనకి తోక తాత అని పేరు పెట్టారు. ఆ పేరుకి ఆయన కోప్పడలేదు. ఎవరైనా ఆలస్యంగా పరుగెత్తుకొస్తే, "నువ్వు ముందు పట్టుకో తల్లీ" అని వాళ్ళ వెనక్కి జరిగేవాడు. ఆయన వంతు వచ్చేసరికి పైపులో ధార సన్నగిల్లేది. దొరికిన ఆ కాసిని నీళ్ళతోనే వెళ్ళిపోయేవాడు.

కానీ నిన్న చివరి ఇళ్ళకి అసలు అందలేదు. వాటిలో మిషనక్క ఇల్లూ ఒకటి. కూతురు కాన్పయి ఇంకా మంచం దిగలేదు. ఒంట్లో తడి లేక దానికి పాలు పడటం లేదు.

"మా ఇంట్లో పసిగుడ్డుంది తాతా. వీధివాళ్ళకే లేనప్పుడు బయటివాళ్ళకి నేనెక్కడి నుంచి తెచ్చిపొయ్యను?"

"నిజమేనమ్మా. ఒక పని చేసి చూడండి. ఇంటికి నిండు బిందె కాకుండా ముప్పాతిక బిందె పట్టుకోండి. చివరి ఇంటిదాకా వస్తాయి."

ఇస్త్రీ ఆయన మండిపడ్డాడు.

"మా బిందెల్లో కోత పెట్టి నీ డబ్బా నింపాలా? వీధివాడివి కాదు, పైగా సలహాలొకటి!"

"నా డబ్బా సంగతి వదిలెయ్ బాబూ."

"సరే, వదిలేశాం. రేపటి నుంచి రాకు" అంది మిషనక్క.

గేటు దగ్గర వాచ్‌మన్ ఏదో అనబోయి ఆగిపోయాడు.

ముసలాయన డబ్బాకి మూత పెట్టుకున్నాడు. తర్వాత అడిగాడు.

"పసివాడు ఎలా ఉన్నాడమ్మా?"

"ఎలా ఉంటాడు? ఒకటే ఏడుపు."

"ఏడవనీ. గొంతులో తడి ఉన్నట్టే."

ఖాళీ డబ్బా పట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఆయన రాకపోయినా చివరి ఇళ్ళకి నీళ్ళు అందలేదు. ఇస్త్రీ ఆయన సణుగుతున్నా వినకుండా మిషనక్క అందరికీ ముప్పాతిక బిందె చేసింది. ఆ రోజు అన్ని ఇళ్ళకీ నీళ్ళొచ్చాయి. వరసలో ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేదు.

ఆ సాయంత్రం ఆవిడ మూల తిరిగి రెండు మూడు ఇళ్ళలో విచారించింది. అలాంటి మనిషి తమకి తెలియదన్నారు.

తర్వాత ఒక పొద్దున గేటు తెరుచుకుంది కానీ మోటారు మోగలేదు. వాచ్‌మన్ బయటికొచ్చాడు.

"అయ్యగారు పోయారు."

ఇస్త్రీ ఆయన తలమీది తువ్వాలు తీసేశాడు.

"అయ్యో! ఏం జబ్బు?"

"కిడ్నీలు. నీళ్ళు బాగా తాగమన్నాడు డాక్టరు. వింటేగా! నా వంతులోంచి పోస్తానన్నా వద్దనేవారు. మొండిమనిషి."

వాచ్‌మన్ మిషనక్క వైపు తిరిగాడు.

"స్నానం చేయించాలి. మోటారు వేసి ఒక బిందె పట్టుకోమంటావా అక్కా?"

"మీ బావికి నన్నడుగుతావేంటయ్యా?"

"వరసవాళ్ళని అడక్కుండా చుక్క కూడా ముట్టొద్దని ఆయన మాట."

మిషనక్క మోటారు వేయించింది. మొదటి బిందె తనే నింపి, తనే మోసుకుంటూ లోపలికి నడిచింది. ఆ ఇంట్లో అడుగుపెట్టడం ఆవిడకి అదే మొదటిసారి.

వంటింటి తొట్టి తెల్లగా ఎండిపోయి ఉంది. స్నానాల గదిలో బకెట్ బోర్లించి ఉంది, దానికి సాలెగూడు పట్టింది. బావి నుంచి ట్యాంకుకి వెళ్ళే పైపు సగంలో కోసి, మూతికి గుడ్డ కుక్కారు.

"ఇదేంటి?"

"ఎండలు మొదలవగానే ఆయనే కోయించారు. ట్యాంకు నిండితే మీకు అందవని."

"మరి ఆయనకి నీళ్ళెలా?"

వాచ్‌మన్ ఆవిడని ముందుగదిలోకి తీసుకెళ్ళాడు. వంగి, శవం ముఖం మీది దుప్పటి తీశాడు.

అక్కడ పడుకుని ఉన్నది, ఈ వీధివాడు కాదని తను వరసలోంచి పంపేసిన తోక తాత.