ఖాళీ బకెట్టు

పొద్దున్నుంచి ముసురు. కింది వాటాలో అద్దెకుండే వడ్రంగి వసారాలో కూర్చుని డ్రమ్ములో మాగిన ఎరువును గోనెసంచిలోకి తోడుతున్నాడు. మేడమీద ఒంటరిగా ఉండే పెద్దావిడ, రోజూలాగే కూరగాయల తొక్కలు దాచిన బకెట్టుతో దిగింది.

"ఇదిగో, నీ డ్రమ్ము కుంభకర్ణుడికి మేత. అదేంటి, అంతా తోడేస్తున్నావ్?"

"వానకి నానిపోతుందని, పిన్నీ."

అతను బకెట్టు బోర్లించాడు. తొక్కల అడుగునుంచి కీరదోసకాయ ఒకటి దొర్లిపడింది.

"ఇది బాగానే ఉందిగా?"

"లోపల పుచ్చుంటుందిలే."

చూరునీళ్ళ కింద కడిగి, చెక్కు తీసి కోశాడు. పుచ్చు లేదు, చేదూ లేదు.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఒక్కదానికి ఎన్ని తొక్కలొస్తాయి నాయనా? ఖాళీ బకెట్టుతో రావడానికి మొహం చెల్లలేదు."

వడ్రంగి సగం ముక్క ఆమెకిచ్చాడు. ఇద్దరూ వాన చూస్తూ తిన్నారు. చెక్కు మాత్రం డ్రమ్ములో వేసి, పైన రంపపుపొట్టు చల్లాడు.

"రేపు ఖాళీ బకెట్టుతోనే రా పిన్నీ. కాసేపు కూర్చుందువుగాని."

"వస్తాలే" అంటూ ఆమె మెట్లెక్కింది.

ఒక్క పూలకుండీ కూడా లేని ఆమె గుమ్మం పక్కన ఎరువు సంచి పెట్టి, వెళ్తున్నానని చెప్పడానికి మొహం చెల్లని వడ్రంగి మర్నాడు తెల్లవారకముందే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు.