రాయి తీసిన ఊయల

సంచీ సర్దుతున్నది ముత్తవ్వే.

మెత్తబడ్డ పాత చీరలు నాలుగు, వాము పొట్లం, పసుపు కొమ్ములు, కోడలి రవికెలు. పెట్టినవే తీసి మళ్ళీ పెట్టింది.

"అత్తా, నేను పొయ్యేది కోటగిరికే. కాశీకి గాదు," అని నవ్వింది శ్యామల.

"నోరు మూస్కో. పొయ్యేటప్పుడు గసుంటి మాటలు మాట్లాడద్దు."

శ్యామలకు తొమ్మిదో నెల. తొలిచూలు దక్కలేదు. ఈ బిడ్డయినా దక్కాలని ముత్తవ్వ మొక్కని దేవుడు లేడు. రేపు పొద్దున బస్సుకు కోడలిని పుట్టింటికి పంపాలి.

ఇల్లు వెనక, దుకాణం ముందు. నిజామాబాద్ బజార్లో ఆ దుకాణం ముత్తవ్వ మామ పెట్టింది. మొదట ఒక్క త్రాసు, నాలుగు జతల వెండి కడియాలు. పుస్తెలు కొన్నవాళ్ళు మంచం ఎక్కడ దొరుకుతుందని అడుగుతుంటే మంచాలు, బీరువాలు పెట్టాడు. మంచం కొన్నవాళ్ళు ఏడాది తిరక్కుండా ఊయల కోసం వచ్చారు. అట్లా ముందు గదిలో బంగారం, వెనక గదిలో టేకు సామాను.

అమ్మకానికున్న ప్రతి ఊయలలో ఒక చిన్న రాయి ఉండాలని ఆయనే చెప్పి పోయాడు. ఖాళీ ఊయల ఊగకూడదు. ఊగితే ఖాళీగానే ఉండిపోతుందని ఆ ఇంటి భయం.

ఆ మధ్యాహ్నం వెనక గదిలోంచి కిర్రు, కిర్రుమని చప్పుడు.

ముత్తవ్వ వెళ్ళి చూసింది. ఎవరో ముసలామె. చంకలో మూట. ఊయలలో ఉండాల్సిన రాయి నేలమీద ఉంది. ఆమె మూడు వేళ్ళతో ఖాళీ ఊయలను ఊపుతూ, కట్టెకు చెవి ఆనించి వింటోంది.

"ఏయ్! రాయెందుకు తీసినవ్?"

ముసలామె ఉలిక్కిపడలేదు. "ఇది ఏడుస్తున్నదవ్వా. ఏడ్వని తొట్టెల కావాలె."

"ఎవలకు?"

"ఇంట్ల ఉన్నదానికి."

ముత్తవ్వ కోడలున్న గది వైపు చూసింది.

"నీ కోడలు ఎడమ పక్కకు పండుకుంటే ఊపిరాడ్తలేదు గదా?"

నిజమే. ఆ సంగతి తనకు తప్ప ఎవరికీ తెలియదనుకుంది ముత్తవ్వ.

"పిల్లను ఒక్కపారి జూపియ్యి."

"అసలు నువ్వెవలు?"

"నేనొస్తనని ఎరికలేదా నీకు?" ముసలామె నవ్వింది. నోట్లో ఒక్క పన్నూ లేదు.

"నర్సింలూ!"

మంచాలకు పాలిష్ పెట్టే నర్సింలు చేతిలో గుడ్డతోనే పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే ముత్తవ్వ చీపురెత్తింది. ముసలామె వెనక్కి తగ్గబోతే మూట జారి విడిపోయింది.

తెల్లదారం ఉండ. కొత్త బ్లేడు. ఆముదం సీసా.

"బాణామతి సామానవ్వా," అన్నాడు నర్సింలు గొంతు తగ్గించి. "ముట్టకు."

"అవ్వా, జర నా మాట ఇను..."

"నీ మాట నా చెవుల పడద్దు. నడువ్!"

ముసలామె వస్తువులు ఏరుకుని బయటికి పోయింది. నర్సింలు రాయి తీసి ఊయలలో పెట్టాడు. అయినా అది ఊగుతూనే ఉంది.

"ఆపురా దాన్ని!"

"నేను ఊపుతలేనవ్వా," అన్నాడు వాడు, రెండు చేతులూ చూపిస్తూ.

ముత్తవ్వ ఇక ఆగలేదు. గల్లా దగ్గరున్న కొడుకు రామ్‌దాస్‌ను లేపింది.

"గిప్పుడే తీస్కపో. మూడు గంటల బస్సుకు."

"మంచిరోజు రేపు గదనే?"

"రేపటిదాంక ఈ ఇంట్ల ఉంచ. దాని కన్ను పడ్డది."

సంచీకి తనే గట్టిగా రెండు ముళ్ళు వేసి ఇచ్చింది.

రిక్షా కదలబోతుంటే ముసలామె ఎదురొచ్చి చక్రం పట్టుకుంది.

"కదిలియ్యకుర్రి. కదిలిస్తె దక్కది."

"శాపం పెడ్తున్నవా నా ఇంటికి?" ముత్తవ్వ ఆమె చెయ్యి విదిలించి కొట్టింది.

శ్యామల రిక్షాలోంచి తల బయటికి పెట్టింది. "పాపం అత్తా, ముసల్ది. గింత బువ్వ పెట్టి పంపు."

రిక్షా మలుపు తిరిగింది.

ముసలామెకు ఎవరూ బువ్వ పెట్టలేదు. పొద్దు గూకేదాకా దుకాణం అరుగుమీదే కూర్చుంది. దారం, బ్లేడు, సీసా ఒక్కొక్కటే కొంగుతో తుడిచి మూట కట్టుకుంది. తర్వాత ఎటు పోయిందో ఎవరూ చూడలేదు.

మర్నాడు పొద్దున ఉత్తరం వచ్చింది. శ్యామల తల్లి సుమిత్రమ్మ రాసింది. ముత్తవ్వకు చదువు రాదు. నర్సింలు కూడబలుక్కుంటూ చదివాడు.

"వదినా, ఎడమ పక్కకు పండుకోలేకపోతున్నానని పిల్ల నాకు రాసింది. బిడ్డ అడ్డం ఉన్నదేమోనని నా భయం. ఎట్టి పరిస్థితిలోనూ ప్రయాణం పెట్టకండి. చందూరు నుంచి లింగవ్వను పంపుతున్నాను. బుధవారం చేరుతుంది. అడ్డం తిరిగిన బిడ్డలను చేత్తో సరిచేసే మంత్రసాని, ఆమె చేతిలో ఇంతవరకు ఒక్క ప్రాణం పోలేదు. మా తరఫున పెట్టే ఊయలను కూడా ఆమే చప్పుడు విని ఎంచుతుంది. నొప్పులు రాకముందు తన పని పేరు గడపలో ఎత్తదు, అశుభమంటుంది. మీరే గుర్తుపట్టి లోపలికి పిలవండి."

నర్సింలు ఉత్తరం మడిచి, ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే ఉంచుకున్నాడు.

సాయంత్రం రామ్‌దాస్ ఒక్కడే వచ్చాడు. బోధన్ దగ్గర చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరకు బండ్ల వెనక బస్సు రెండు గంటలు ఆగిందని, నొప్పులు అక్కడే మొదలయ్యాయని చెప్పాడు. చేతిలో సంచీ ఉంది. ముత్తవ్వ వేసిన రెండు ముళ్ళూ అట్లాగే ఉన్నాయి.

శ్యామల తిరిగి రాలేదు. కడుపులో బిడ్డతోనే ఆమె ప్రాణం పోయింది 1963 జనవరి తొమ్మిది, బుధవారం, లింగవ్వ ఇంకా ఆ దుకాణం అరుగుమీద కూర్చునే ఉన్న వేళ.