ముఖచిత్రం

"దొంగలు. రాసినాయనా దొంగే, అచ్చేసేవాళ్లూ దొంగలే" అందామె, ప్రెస్సు గుమ్మంలో నిలబడి.

మెషిన్ ఆగింది. తడి ఆరని అట్టలు ఎవరి చేతుల్లోవి వాళ్ల చేతుల్లోనే ఉండిపోయాయి. కొండలాయన కుర్చీలోంచి సగం లేచాడు. ఎక్కిన ప్రతి కొండకీ ఓ పుస్తకం రాస్తాడని అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ఇప్పుడు అచ్చవుతున్నది ఏడోది, 'శిఖరం మీద నేను'.

వచ్చిందెవరో ఆయనకి తెలుసు. ఇరవై ఏళ్లు ఆయన సామాను వీపున మోసిన మనిషి భార్య. ఆ మోతగాడు పోయిన చలికాలం మంచు చరియ కింద పడి చనిపోయాడు. పలకరించి రావాలనుకుంటూనే కొండలాయన పుస్తకం పనిలో పడ్డాడు.

"కూర్చోమ్మా" అన్నాడు.

కూర్చోలేదు. ఆరు పుస్తకాలూ చదివించుకుని విన్నానంది. గుడారం రంగు రాశారు, పొయ్యి ఆరిపోతే రాశారు, చిరిగిన మేజోడుకి ఒక పేజీ ఇచ్చారు, మోసినోడికి ఒక్క ముక్క లేదంది.

కొండలాయన చెవులు వేడెక్కాయి. అందులో అబద్ధం ఏముంది గనక. అయినా లోపల్లోపల ఊపిరి పీల్చుకున్నాడు. గొడవ ఇంతే అయితే నయమే.

"నాదే పొరపాటు. చివరి పేజీలో పేరు వేయిస్తాను, పెద్దక్షరాల్లో."

"బతికుండగా చివరి ముద్ద, పోయాక చివరి పేజీ" అంది.

ప్రెస్సు యజమాని నవ్వబోయి దగ్గాడు. లోపలి పేజీలన్నీ అచ్చయిపోయాయమ్మా, మిగిలింది అట్ట ఒక్కటే అని సర్దిచెప్పబోయాడు. ఆమె అట్టల వైపే నడిచింది. ఊళ్లో గోడల మీద అంటించిన ఈ బొమ్మ చూసే వచ్చానంటూ ఒకటి తీసి కిటికీ వెలుగులో పట్టుకుంది. ఎర్ర కోటు, నల్లకళ్లద్దాలు, మొహం నిండా ముసుగు, ఆకాశంలోకి ఎత్తిన ఎడమ చెయ్యి.

"ఈ చేతి తొడుగు చూడండి."

ఫొటోలు దిద్దే అమ్మాయి అందుకుంది. "నేను ముందే చెప్పాను కదండీ, చిటికెన వేలు సగానికి కుట్టేసినట్టుందని. సరిచేస్తానంటే మీరే వద్దన్నారు."

చలికి ముడుచుకుంది, అంతే అన్నాడు అప్పుడు కొండలాయన. చుక్క కూడా ముట్టుకోవద్దు, కొండ అబద్ధమాడదు అని ఉపన్యాసం కూడా దంచాడు. ఇరవై ఏళ్లు తన తాడు పట్టుకున్న చేతికి ఎన్ని వేళ్లున్నాయో ఏనాడూ చూడని మనిషి మరి. ఇప్పుడు ఐదు వేళ్లూ నిక్షేపంగా ఉన్న ఆయన ఎడమ చెయ్యి దానంతటదే జేబులో దూరింది.

"మీ తాడు పట్టుకునే మంచుకి పోయింది మా ఆయన వేలు. ఖాళీ తొడుగులోకి చలి దూరుతోందంటే నేనే కుట్టాను" అంది. "మీరు కింద గుడారంలో వాంతులు చేసుకుంటూ, కోటూ కళ్లద్దాలూ తొడిగి ఎవర్ని పైకి పంపారో చెప్పండి వీళ్లకి. ఫొటో తీసినోడు మా తమ్ముడే."

కొండలాయన తల దించుకున్నాడు. దించిన చోట కూడా తన పేరే ఉంది, బంగారు రంగులో, అట్టల దొంతర మీద.

"అన్నీ చింపించేస్తానమ్మా" అన్నాడు చివరికి.

"చింపడానికి వీల్లేదు. మా ఆయన ఫొటో అంటూ లోకంలో ఉంది ఇదొక్కటే. కత్తెర తెండి, మీ పేరు మీ చేత్తోనే కత్తిరించి ఆయన్ని నాకివ్వండి."